‘పాడు’ అని రాసిన డబ్బాలు

చెవిమాస్టారుకు తోడల్లుడి మీద ఏడుపు మొదలై పంతొమ్మిదేళ్ళయింది. అంతకాలం ఒకే మనిషి మీద నిలకడగా ఏడవడం అందరికీ చేతనయ్యే పని కాదు. మామూలువాళ్ళు మధ్యలో అలిసిపోతారు. లేదంటే ఏడవడానికి ఇంతకంటే మంచి మనిషి దొరికి అటు మళ్ళుతారు. ఈయన ఆ బాపతు కాదు. పట్టిన పనిని వదలకుండా, రోజూ కాస్త కాస్తగా, శ్రద్ధగా ఏడ్చాడు.

ఉద్యోగంలోనూ అదే శ్రద్ధ. కుట్టుమిషన్ సూదులు చేసే కర్మాగారంలో చిట్టచివరి గది ఈయనది. తీగ ముక్కలై, మొన తేలి, బెజ్జం పడి, కొలిమిలో కాలి, నూనెలో మునిగి, మెరుగు పెట్టించుకున్న సూదులు డబ్బాల్లో ఈయన బల్ల మీదికి చేరతాయి. డబ్బాకు ఇరవై సూదులు తీసి, ఒక్కొక్కదాన్నీ జానెడు ఎత్తునుంచి గాజుపలక మీదికి వదులుతాడు. సూది టింగుమంటుంది. లోపల వెంట్రుకవాసి పగులున్నా, కొలిమిలో రవ్వంత ఎక్కువ కాలినా ఆ మోత మొద్దుబారుతుంది. ఈ తేడా పట్టే యంత్రాలు కర్మాగారంలో ఒకప్పుడు రెండుండేవి. ఒకటి చెడిపోయింది, రెండోదాన్ని అమ్మేశారు. చెవి మిగిలింది. అందుకే ఆయన చెవిమాస్టారయ్యాడు. ఆ చెవి కర్మాగారం వరకే. ఇంట్లో భార్య మూడుసార్లు పిలిస్తే గానీ పలకడు.

మంచి సూది పాడుతుంది, చెడ్డ సూది మూలుగుతుంది. ఆ గదిలో అదీ మాట. ఈయనకు పని నేర్పిన ముసలాయన, పాస్ అయిన డబ్బా మూత మీద సుద్దముక్కతో ‘పాడును’ అని రాసేవాడు. మూత ఇరుకు, సుద్ద పొదుపు. కొన్నాళ్ళకు చివరి అక్షరం రాలిపోయి ‘పాడు’ మిగిలింది. మూలిగే డబ్బాల మీద ఏమీ రాసేవాడు కాదు. చెడ్డదానికి పేరు కూడానా, దండగ, అని ముసలాయన సిద్ధాంతం. వాటిని కింది అరలోకి తోసి మళ్ళీ కొలిమికి పంపేవాళ్ళు. ముసలాయన పోయాడు గానీ సిద్ధాంతం నిలిచింది. ముప్పై ఏళ్ళుగా ఆ గదిలో పాడు అంటే పాడేదే. ఇంకో అర్థం ఉందన్న సంగతి అక్కడ ఎవరికీ తట్టలేదు.

ఇక తోడల్లుడు. చెవిమాస్టారు భార్యకు ఒక్కతే చెల్లెలు. ఆమె మొగుణ్ణి అత్తవారింట్లో అందరూ చిన్నల్లుడంటారు. పెళ్ళినాటికి అతనికి గుండీలూ జిప్పులూ అమ్ముకునే అగ్గిపెట్టెంత కొట్టుండేది. అప్పట్లో చెవిమాస్టారు అతని మీద జాలిపడేవాడు. జాలి చాలా హాయైన వ్యవహారం. అవతలివాడు కింద ఉన్నంతకాలం ఎంతైనా పడొచ్చు.

సరిగ్గా ఆ ఏడాదే ప్రభుత్వం పైదేశాల సూదుల మీద సుంకం ఎత్తేసింది. సుంకం పోతే ధర తగ్గుతుంది, ధర తగ్గితే దర్జీలు బాగుపడతారు, దర్జీలు బాగుపడితే దేశం బాగుపడుతుందని పెద్దలు సెలవిచ్చారు. నిజం చెప్పుకోవాలంటే మొదటి రెండూ జరిగాయి కూడా. మూడోది మాత్రం ఎవరూ సరిచూడలేదు. సముద్రం అవతలినుంచి సూదులు సగం ధరకు దిగాయి. దించినవాడు చిన్నల్లుడు. అతని కొట్టు గోడౌనైంది, గోడౌను పక్కన ఆఫీసు వెలిసింది, ఆఫీసులో గిర్రున తిరిగే చక్రాల కుర్చీ చేరింది. ఇక్కడ మూడొందలమంది పనిచేసిన కర్మాగారంలో పద్నాలుగుమంది మిగిలారు.

చిన్నల్లుడు చెడ్డవాడైతే ఏ ఇబ్బందీ ఉండేది కాదు, తిట్టుకుని పడుకునేవాడు. అతను మంచివాడు. అదీ ప్రాణసంకటం. అత్తవారింట్లో ఫ్యాన్ కింద కుర్చీ తనకు వేస్తే “అన్నయ్యా, నువ్వు కూర్చో” అని లేచేవాడు. ఆ లేవడం చూసి అత్తగారు “ఎంత వినయమో నా చిన్నల్లుడికి” అని మురిసిపోయేది. కూర్చున్న పెద్దల్లుణ్ణి ఎవరూ మెచ్చుకోలేదు. కుర్చీలో కూర్చోవడం గొప్పా ఏమిటి?

ఇంట్లో భార్య మిషన్లో కూడా చిన్నల్లుడి సూదే.

“మన కర్మాగారం సూది తెచ్చిచ్చాగా?” అని ఒకసారి నిలదీశాడు.

“తెచ్చారు. అది దారం తెంపుతోందండీ.”

“నీకు బిగించడం రాదు.”

“మా చెల్లి ఇచ్చింది మాత్రం ఎలా బిగించినా కుడుతోంది. దానికి నా చేతకానితనం తెలీదు కాబోలు!”

ఆ సూదిని మిషన్లోంచి తీసి ఒక్కసారి పలక మీద వదిలి చూస్తే పోయేది. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ ఆ పని చెయ్యలేదు. “ఆ నాసిరకం వినడానికి నా చెవి ఖాళీగా లేదు” అనేవాడు. లోపలి భయం వేరని వేరే చెప్పనక్కర్లేదు.

ఇలా ఉండగా మనకూ, ఆ సూదులు పంపే దేశానికీ మధ్య చేపల దగ్గర తగువొచ్చింది. వాళ్ళ చేపలు చవగ్గా దిగి మన జాలర్ల పొట్టకొడుతున్నాయని మనవాళ్ళు వాటిమీద సుంకం వేశారు. వాళ్ళు దానికి చేపలతో జవాబు చెప్పలేదు. ఎక్కడ నొక్కితే నొప్పో చూసుకుని, ఓ నలభై రకాల చిన్నాచితకా సరుకు మాకు అమ్మబోమన్నారు. ఆ జాబితాలో ఇరవయ్యారో వస్తువు సూదులు. పత్రికల్లో చేపల మీద సంపాదకీయాలు వచ్చాయి. సూదుల గురించి ఎవరూ రాయలేదు. దేశభద్రత అనగానే ఫిరంగి బొమ్మ వేసుకునేవాళ్ళకు సూది కనిపించదు, దాని సైజు అలాంటిది.

కనిపించింది ఒక్క మనిషికి. సైన్యానికి గుడారాలూ పారాచూట్లూ కుట్టించే విభాగంలో సరఫరాలు చూసే మేడమ్ ఓ ఉదయం కర్మాగారానికొచ్చింది. యజమాని అప్పటికే నెలాఖరుకు మూసేస్తున్నానని నోటీసు అంటించి ఉన్నాడు. ఆమె ఆ నోటీసు ముందే నిలబడి మాట్లాడింది.

“గుడ్డ ఉంది, దారం ఉంది, మిషన్లున్నాయి, కుట్టేవాళ్ళు నాలుగొందలమంది ఉన్నారు. సూదుల్లేవు. పారాచూట్ పట్టీ మందానికి పూటకో సూది పోతుంది. ఉన్నవి పద్దెనిమిది రోజులకొస్తాయి.”

“మేం పంతొమ్మిదేళ్ళుగా మొత్తుకుంటూనే ఉన్నాం మేడమ్” అన్నాడు యజమాని.

“మీరు మొత్తుకున్న కాగితాలన్నీ చదివాను. అన్నిట్లోనూ మీ లాభం తగ్గిందని ఉంది. దేశానికి సూదులుండవని ఒక్కదాంట్లోనూ లేదు.”

ఆమె చెప్పిన ఏర్పాటు ఇది: తగువుకు ముందే దిగిన సరుకు ఒక వ్యాపారి గోడౌన్‌లో నలభై డబ్బాలుంది. రెండు నెలలకొస్తుంది. ఈలోగా కర్మాగారం పని పెంచితే ఏడాది ఆర్డరు ఇస్తుంది. అయితే ఆ నలభై డబ్బాలను పంపినవాళ్ళు తగువుకు సిద్ధమవుతూ పంపారు. చివరి సరుకులో ఏం అంటగట్టారో తెలీదు. కుట్టు మధ్యలో సూది విరిగితే కంటికి కనబడుతుంది. పగిలిన సూది కుట్టు తప్పితే పారాచూట్ తెరుచుకున్నప్పుడే తెలుస్తుంది. ప్రయోగశాలకు పంపితే నెల పడుతుంది. ఇక్కడ చెవితో చెప్పే మనిషి ఉన్నాడట కదా.

“ఆ సరుకు మా తోడల్లుడిది మేడమ్” అన్నాడు, యజమాని వెనకే నిలబడ్డ చెవిమాస్టారు.

“బంధువని చూసీ చూడనట్టు వదిలేస్తారా?”

“వదిలెయ్యడమా!” అన్నాడాయన. ఆ గొంతులో ఉత్సాహానికి యజమాని దగ్గాడు.

మర్నాడు సొంత గాజుపలక సంచిలో పెట్టుకుని గోడౌన్‌కి వెళ్ళాడు. చిన్నల్లుడు ఎదురొచ్చి తన చక్రాల కుర్చీ తనే తోసుకొచ్చి వేశాడు.

“ఫ్యాన్ ఇటు తిప్పించనా అన్నయ్యా?”

“వద్దు. చప్పుడు.”

“ఏయ్, ఫ్యాన్లన్నీ ఆపండి! ఎవరూ మాట్లాడకండి” అని తను ఓ మూల చెమటలు కక్కుతూ, ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చుకుంటూ నిలబడ్డాడు. చెవిమాస్టారుకు ఆ మర్యాద చూసి ఒళ్ళు మండింది.

మొదటి సూది వదిలాడు.

మోత ఆగేదాకా లోపల ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోవడం ఆయన అలవాటు. తమ కర్మాగారంలో మేలురకం సూది మూడు దాకా నిలుస్తుంది. ఇది మూడు దాటింది. నాలుగు దాటింది. అయిదు దగ్గర, వెళ్ళలేక వెళ్ళలేక వెళ్ళినట్టు, సన్నగా ఆగిపోయింది.

పలక తుడిచాడు. రెండోది వదిలాడు. అయిదు. మూడోది, నాలుగోది. డబ్బా మార్చాడు. అయిదు. పలకను వంకపెడదామంటే అది తన పలకే. ముప్పై ఏళ్ళు తను మూడు దగ్గర ఆగిపోయి అదే కొస అనుకుంటుంటే, సముద్రం అవతల ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు కొలిమి దగ్గర కూర్చుని దాన్ని అయిదు దాకా లాగాడు. చిన్నల్లుడి కారు మీదా, కుర్చీ మీదా, అత్తగారి మురిపెం మీదా ఇన్నాళ్ళూ ఏడ్చిన ఏడుపంతా కలిపినా ఈ ఒక్క మోతకు చాలలేదు. ఒక్క మూలుగు కోసం చెవి మొహంవాచిపోయింది. పదిహేడో డబ్బా మూలిగింది. దానిమీద పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. ముప్పైమూడోది కూడా మూలిగింది. అంతే. మిగతా ముప్పైఎనిమిదీ గొంతెత్తి పాడాయి.

అబద్ధం రాయాలన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది, పక్కన కూర్చుంది, చాలాసేపు కబుర్లు చెప్పింది. అయినా చెయ్యి ఒప్పుకోలేదు. దీన్ని నీతి అనుకునేరు. నీతి కాదు, పొగరు. పాడినదాన్ని మూలిగిందనడం అంటే తన చెవి చెడిందని తనే ఒప్పుకోవడం. మేడమ్ ఇచ్చిన కాగితంలో ముప్పైఎనిమిది వరసలకు ఎదురుగా ‘పాడు’ అని రాశాడు. రెండు వరసలు ఖాళీగా వదిలాడు. డబ్బాల మీద సుద్దతో కూడా అలాగే రాసి, కాగితం మడిచి మేడమ్ పంపిన గుమాస్తా చేతికిచ్చి, చిన్నల్లుడు తెప్పించిన కాఫీ తాగకుండా బయటపడ్డాడు.

రెండోనాటి మధ్యాహ్నం, సెలవురోజు, భోజనం చేస్తుంటే చెల్లెలి దగ్గరనుంచి భార్యకు ఫోనొచ్చింది. ఆమె చెవికి ఫోన్ ఆనించుకునే ఇటు తిరిగింది.

“ఏమండీ, చెల్లి ఏడుస్తోంది. మరిదిగారి సరుకంతా పాడని రాసిచ్చారట మీరు. నిజమేనా?”

“అంతా కాదు, రెండు డబ్బాలు వదిలేశాను. మిగతా ముప్పైఎనిమిదీ పాడే” అన్నాడు చేదుగా.

“ఎంత నిబ్బరంగా చెప్తున్నారండీ!”

“ఉన్నమాట చెప్పడానికి నిబ్బరం దేనికి? మీ చెల్లి ఏడవడమేమిటి, ఎగిరి గంతెయ్యాలి గానీ.”

“గంతెయ్యాలా! ఒక్క డబ్బా కూడా కొనేది లేదని ఆ మేడమ్ కబురు పెట్టిందట. ఏమీ రాయని రెండు డబ్బాలేమో అనుమానమని ప్రయోగశాలకు పంపిందట. మిగతాదంతా చెత్తకుప్పలో పడెయ్యమందట. మీరేమో గంతెయ్యమంటారు. మనిషేనా మీరు?”

కంచంలో చెయ్యి ఆగిపోయింది. పాడు. పాడు సరుకు. పాడుబడ్డ కొంప, పాడు బుద్ధి, పాడు కాలం. ముప్పై ఏళ్ళుగా తలుపు వెనక దాక్కున్న రెండో అర్థం ఒక్కసారిగా బయటికొచ్చి ఎదురుగా నించుంది.

“నేను రాసింది నిజమే” అన్నాడు మెల్లిగా. అందులో అబద్ధం లేదు. తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని ముద్ద కలుపుకున్నాడు. తను ఏ పాపం చెయ్యలేదు. ఒక్క తప్పుడు అక్షరం రాయలేదు. అయినా పంతొమ్మిదేళ్ళ కోరిక దానంతటదే తీరిపోయింది. ఇంత సుఖమైన దుర్మార్గం చరిత్రలో ఎవరికి దొరికింది?

“సూది కోసం సోదికెళ్తే అని ఊరికే అన్నారా పెద్దలు” అని భార్య గొణిగింది. “ఆ సూదులేమో గానీ మీ కడుపులో ఉన్నది మాత్రం బయటపడింది.”

మర్నాడు సాయంత్రం చిన్నల్లుడే వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు వదిలి, ఎత్తు పీట ఖాళీగా ఉన్నా చిన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“కోపంగా రాలేదన్నయ్యా. నీ చెవి తప్పు చెప్పదు. మామగారికి కూడా అదే చెప్పాను, అన్నయ్య రాశాడంటే అది అంతే అని. నేనే మోసపోయాను.”

చెవిమాస్టారు గుమ్మం దగ్గరి చెప్పుల వంక చూశాడు.

“పద్నాలుగేళ్ళుగా ఆ సూదులు పంపే ఆయన దగ్గరే కొంటున్నాను. మొహం చూడలేదనుకో, ఫోన్లోనే. పిల్లలెలా ఉన్నారనేవాడు. నా పుట్టినరోజు నాకు గుర్తుండదు గానీ ఆయనకు గుర్తుండేది. ఇప్పుడు ఫోనెత్తడు. ఎత్తితే వాళ్ళ ప్రభుత్వం ఏమంటుందో మరి. చివరి సరుకులో ఇలా చేస్తాడనుకోలేదు.”

“ఏం చేస్తావిప్పుడు?”

“ఏముంది, రేపు పొద్దున పాత ఇనుం లారీ వస్తుంది. తూకానికి ఎత్తించేస్తాను. తక్కువకి అడిగినవాళ్ళున్నారు గానీ, పగిలిన సూది అమ్మి ఏ దర్జీ కన్నో పోగొట్టలేను కదా.”

వెళుతూ వెళుతూ వదినగారికి నమస్కారం పెట్టి, “అన్నయ్యని ఏమీ అనకు వదినా, ఆయన పని ఆయన చేశాడు” అని కూడా చెప్పి పోయాడు. ఆవిడ తలుపేసి వచ్చి మొగుడి మొహంలోకి చూసింది. “ఆ మనిషి వినయం చూస్తుంటే మీకేమీ అనిపించడం లేదా?” అంది. అనిపిస్తోంది. కానీ ఆవిడ అనుకున్నది కాదు. అయిదు దాకా పాడే సూదులు తూకానికి పోతాయి. పోతే, వాటిని విన్న చెవి లోకంలో ఒక్కటే మిగులుతుంది. సంతోషించాల్సిన చోట ఆయనకు ఎందుకో ఆకలి తీరని చిరాకు పుట్టింది. అయినా నోరు విప్పలేదు. విప్పితే ఆ చక్రాల కుర్చీ మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది.

మర్నాడు ఉదయం మేడమ్ లారీతో సహా కర్మాగారానికొచ్చింది. గోడౌన్ సరుకు పోయింది కాబట్టి ఇక్కడున్నదంతా ఎత్తుకుపోదామని. తిరస్కరణ కాగితం మీద సంతకానికి చిన్నల్లుణ్ణి కూడా ఇక్కడికే రమ్మంది. నమూనాగా ఒక డబ్బా తెమ్మంది. అతను ఆ డబ్బా చంకన పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. యజమాని ముందు నడుస్తూ అందరినీ చెవిమాస్టారు గదిలోకి తీసుకొచ్చాడు.

మేడమ్ అరల వంక చూసి ఆగిపోయింది. పై రెండు అరల్లో అరవై డబ్బాలు. ప్రతి మూత మీదా తెల్లగా, గుండ్రంగా, పాడు. పాడు. పాడు.

“ఇవన్నీ పాడేనా?” అంది నీరసంగా.

“అన్నీ పాడే మేడమ్!” అన్నాడు యజమాని ఛాతీ విరిచి. “ఒక్కటి తక్కువుంటే అడగండి. మా నాన్నగారి కాలంనుంచి ఇదే పద్ధతి. పాడు కానిదాన్ని గడప దాటనివ్వం.”

“బయటికి పంపేదంతా పాడేనా?”

“మరి? ఎంతమంది దర్జీలు మా సూదులు వాడారనుకున్నారు!”

మేడమ్ గుమాస్తా వంక చూసింది. గుమాస్తా నేల వంక చూశాడు. ఆమె వంగి కింది అర చూపించింది. అక్కడ తొమ్మిది డబ్బాలు, మూతల మీద ఏమీ లేకుండా.

“మరి అవి?”

“అబ్బే, వాటివంక చూడకండి మేడమ్” అని యజమాని సిగ్గుపడ్డాడు. “ఏమీ రాయలేదంటేనే తెలియడం లేదూ!”

“తెలుస్తోంది, బాగా తెలుస్తోంది. ఏయ్, ఆ కింది తొమ్మిదీ ఎక్కించండి. ఈ కర్మాగారానికి ఆర్డరు సంగతి తర్వాత, అసలు ఇన్నాళ్ళూ తెరిచి ఉంచినందుకు ముందు విచారణ జరగాలి.”

గుమాస్తా మూలిగే డబ్బా ఒకటి ఎత్తి చంకలో పెట్టుకున్నాడు. యజమాని నవ్వుమొహం నవ్వుగానే బిగుసుకుపోయింది. చెవిమాస్టారు బల్ల వెనక నిలబడి ఒక్క క్షణంలో లెక్క కట్టాడు. నోరు విప్పకపోతే పగిలిన సూదులు పారాచూట్ల దగ్గరికి పోతాయి, పద్నాలుగుమంది రోడ్డునపడతారు. విప్పితే తోడల్లుడు గట్టెక్కుతాడు. ముందు నుయ్యి, వెనక చిన్నల్లుడు.

“అవి తీసుకెళ్ళకండి మేడమ్. మా గదిలో పాడు అంటే పాడుతుందని.”

“ఏమిటి?”

“సూది పాడుతుంది. పాట.” ఒకదాన్ని తీసి పలక మీద వదిలాడు. టింగుమని మూడు లెక్కలు మోగింది. గుమాస్తా చంకలోని డబ్బాలోంచి ఇంకోటి తీసి వదిలాడు. అది పంటినొప్పితో మూలిగినట్టు మూలిగి చచ్చింది. తేడా తెలియడానికి చెవిమాస్టారే కానక్కర్లేదు, గుమాస్తాకు కూడా తెలిసింది. డబ్బాను నిప్పుకణికలా కింద పెట్టేశాడు.

మేడమ్ చేతిలోని కాగితం విప్పింది. “మరి ఈయన సరుకు మీద రాసిన పాడు?”



“అది...” అన్నాడు చెవిమాస్టారు. “అది వేరే పాడు.”

“ఒకే చెయ్యి, ఒకే మాట. ఏది పాటో, ఏది పాడో నాకెలా తెలియాలి?” ఆమె చిన్నల్లుడి చంకలోని డబ్బా తీసుకుని ఒక సూది ఆయన చేతికిచ్చింది. “వదలండి. నేనే వింటాను.”

ఎంత మంచి సూదినైనా మూలిగించడం ఆయనకు తెలుసు. పలక అంచున చిటికెనవేలు ఆనిస్తే చాలు, మోత అక్కడే చస్తుంది. ఎవరికీ కనబడదు. వేలు అంచుదాకా వెళ్ళింది కూడా. కానీ ఆ అయిదు లెక్కల మోత విని నాలుగు రోజులైంది. మళ్ళీ ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుపోయింది. జాలీ కాదు, దేశభక్తీ కాదు. వినాలని, అంతే. వేలు తీసేశాడు.

సూది పాడింది. అయిదు దాకా అందరూ ఊపిరి బిగబట్టారు.

“అంటే...” అన్నాడు చిన్నల్లుడు. “అంటే పాడు అంటే...” వెంటనే ఫోన్ తీసి గోడౌన్‌కి అరిచాడు. “లారీ ఆపండి! ఎక్కించినవి దించండి! దించమంటుంటే! నేను పిచ్చివాణ్ణి కాదురా, దించు!” ఫోన్ పెట్టేసి తోడల్లుడి వంక తిరిగాడు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి అతని మొహంలో వినయం కనపడలేదు.

“నీకెప్పుడు తెలిసిందన్నయ్యా, తప్పుగా చదివారని?”

“మొన్న. మధ్యాహ్నం భోజనం దగ్గర.”

“నేను మీ ఇంటికి రాకముందే.”

“రాకముందే.”

చిన్నల్లుడు చూపు తిప్పుకున్నాడు. తిడితే బాగుండునని చెవిమాస్టారుకు అనిపించింది. మేడమ్‌కు కుటుంబ వ్యవహారాల మీద ఆసక్తి లేదు. “రెండిట్లో ఏది మేలురకం? నాకు రెండూ ఒకలాగే వినబడ్డాయి” అంది.

“అన్నయ్యదే” అన్నాడు చిన్నల్లుడు, ఎటో చూస్తూ. ఎప్పటి మర్యాదో, లేక ఎత్తిపొడుపో.

ఏదైనా సరే, అది చెవిమాస్టారు ఓర్చుకోగలిగింది కాదు. “అబద్ధం!” అని బల్ల చరిచాడు. పలక మీద సూదులు ఎగిరిపడ్డాయి. “నాది మూడు దాకా పాడుతుంది, అది అయిదు దాకా పాడుతుంది. చెవిలో సీసం పోసుకున్నారా అందరూ? దానిముందు నాది మూలుగే!”

యజమాని తల పట్టుకున్నాడు. చేతికొచ్చిన ఆర్డరును సొంత మనిషే సుద్దముక్కలా విరిచేశాడు.

“అలాంటప్పుడు మీది నేనెందుకు కొనాలి?” అంది మేడమ్.

“అది మేలు. కానీ ఎప్పుడు ఆగుతుందో మీకూ తెలీదు, తెచ్చిన ఇతనికీ తెలీదు. పుట్టినరోజుకు ఫోన్ చేసినవాడే ఇవాళ ఎత్తడం లేదు. నాది ఎక్కడ మూలుగుతుందో నాకు తెలుసు. ఆ కింది అరలో ఉంది. రేపు మళ్ళీ కొలిమిలో పెడతాను.”

ఆర్థికశాఖవాళ్ళు రెండేళ్ళు కమిటీ వేసి, నాలుగొందల పేజీల్లో చెప్పడానికి తంటాలు పడుతున్నది దాదాపు ఇదే. వాళ్ళ నివేదికలో సూది అన్న మాట ఎక్కడా లేదు. ఆమె నిలబడే రాసుకుంది: ముప్పైఎనిమిది డబ్బాలు ఇవాళే గోడౌన్ నుంచి, తర్వాత ఏడాదిపాటు కర్మాగారం నుంచి. సుంకం సంగతి పైవాళ్ళకు రాస్తానంది. “ఇంకో షరతు. రేపట్నుంచి ఈ గదిలో ఎవరూ ఎక్కడా పాడు అని రాయకూడదు. ‘సరే’ అని రాయండి” అంది.

“అలాగే మేడమ్” అన్నాడు యజమాని, అడక్కముందే సుద్దముక్క వెతుకుతూ.

వాళ్ళు బయటికి నడిచారు. చిన్నల్లుడు నమూనా డబ్బా మూత పెట్టి చంకనెత్తుకున్నాడు.

“అది ఇక్కడ వదిలెయ్” అన్నాడు చెవిమాస్టారు.

“దేనికి?”

“ఏడవడానికి.”

చిన్నల్లుడు ఆయన మొహంలోకి చూశాడు. నవ్వలేదు, అన్నయ్యా అని కూడా అనలేదు. డబ్బా తెచ్చి గాజుపలక పక్కన, ఆయన చేతికందేలా పెట్టి వెళ్ళిపోయాడు. చెవిమాస్టారు గది తలుపు మూసి, ఒక సూది తీసి వదిలాడు. మోత అయిదు దగ్గర ఆగేదాకా కదలకుండా విన్నాడు. తర్వాత లేచి, కొలిమి దగ్గరి మనిషి కోసం కేకేశాడు.